పగలని అద్దం

"ఇంకొక్కసారి అడుగుతున్నాను. లేస్తారా, లేవరా?"

"లేవను."

"పదకొండింటికి డాక్టరమ్మ చూస్తానంది. ఇప్పుడే తొమ్మిదిన్నర దాటింది."

"చూడనీ. ఆవిడకి కళ్ళున్నాయి, చూసుకుంటుంది."

అద్దాలాయన నేలమీద వెల్లకిలా పడుకుని పైకప్పుతో మాట్లాడుతున్నాడు. మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందు నాలుగు నెలలుగా అతని చోటు. పరుపు మెత్తగా ఉంది, నడుం దిగబడిపోతోంది అంటూ ఒకరోజు కిందికి దిగినవాడు మళ్ళీ మంచం ఎక్కలేదు. కాళ్ళు చాపితే పాదాలు స్నానాలగది తలుపుకి ఆనుతాయి. ఇంట్లో ఎవరు లోపలికి వెళ్ళాలన్నా ముందు ఆయన మోకాళ్ళు ముడవాలి. మోకాళ్ళు ముడవాలంటే ఆయన పళ్ళు బిగబట్టాలి. ఆ పళ్ళ చప్పుడు వినలేక అతని తల్లి రోజూ స్నానం చేయడం మానేసింది. శుభ్రానికి పెట్టింది పేరు ఆవిడ. ఇప్పుడు రోజు విడిచి రోజు.

సందు మొదట్లో భార్య నిలబడి ఉంది. భుజాన సంచి, చంకలో ఆస్పత్రి ఫైలు. వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. బట్టలషాపులో కొన్నవాళ్ళ పాంట్లకి కాళ్ళు కత్తిరించి, చొక్కాలకి నడుములు బిగించే పని ఆవిడది. ఈ పూటకి సెలవు అడిగితే షాపు యజమాని మొహం ముడుచుకున్నాడు. ఆ ముడుచుకున్న మొహం చూసి వచ్చాక ఇంట్లో ఈ మొహం.

"నిన్నటి ఉత్తరం మళ్ళీ చదవమంటారా?"

"వద్దు. నాకు నోటికొచ్చు."

నోటికి రావడానికి అందులో ఉన్నది మూడు ముక్కలే. మందులు, బెల్టు, ఆరు వారాల వ్యాయామం, వెన్నులో ఒక ఇంజక్షన్, అన్నీ అయ్యాయి కాబట్టి వైద్యం పూర్తయిందని అతను పనిచేసే అద్దాల కంపెనీ అంటోంది. పూర్తయిందంటే నయమైందని కాదు, వాళ్ళ వంతు అయిపోయిందని. ఇక సోమవారం నుంచి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాయాలి. లేదంటే కంపెనీ ఆస్పత్రిలో ఆపరేషన్‌కి ఒప్పుకోవాలి. ఈ రెండూ ఇష్టం లేకపోతే, తనకి నచ్చిన ఇంకో డాక్టరుకి ఒక్కసారి చూపించుకోవచ్చు. ఆ ఒక్కసారికి గడువు ఈ సాయంత్రం.

ఇరవై నిమిషాలు కూర్చోలేని మనిషిని ఎనిమిది గంటలు స్టూలు మీద కూర్చోబెడతారట. రాసినవాడు ఏ కుర్చీలో కూర్చుని రాశాడో.

"ఏమే, ఇటు విను," అన్నాడు అద్దాలాయన. "నేను కోయించుకుంటాను. కంపెనీ డాక్టరు కోస్తానంటున్నాడుగా. పీడా పోతుంది."

టైలరమ్మ నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. "ఇంజక్షన్ సూది చూసి మొహం గోడకి తిప్పుకున్న మనిషి! కోయించుకుంటారట!"

"తిప్పుకున్నానా, నిద్ర పట్టిందా నీకేం తెలుసు?"

"కత్తికి సిద్ధం. కొత్త డాక్టరు దగ్గరికి మాత్రం రానంటారు. ఆవిడేం చేస్తుంది మిమ్మల్ని? కొరుకుతుందా?"

అతను పైకప్పు మీద పెచ్చులూడిన చోటుని చూస్తూ ఉండిపోయాడు.

వంటింట్లోంచి ముసలావిడ గొంతు వచ్చింది. "అమ్మాయ్, వాణ్ణి నువ్వు ఎత్తబోకు. మొన్నలా ఇద్దరూ పడితే నేనొక్కదాన్నే నిలబడి ఉంటాను ఈ ఇంట్లో."

"నేనెత్తను అత్తయ్యా. ఎత్తేవాడు వస్తున్నాడు."

ఆ మాటకి అద్దాలాయన తల ఇటు తిప్పాడు. "ఎవడు?"

"ఇంకెవడు? మీ ముద్దుల బావమరిది. అద్దాల బండి కాదులెండి, స్నేహితుడి వ్యాను తెస్తున్నాడు."

"వాణ్ణెందుకు పిలిచావు?" గొంతు ఒక్కసారిగా లేచింది. లేచిన గొంతు నడుములోకి తగిలినట్టుంది, కళ్ళు మూసుకున్నాడు. "వాడికి పని లేదా?"

"ఉంది. మీ అద్దాలు కోసే టేబుల్ మీద మీ పనే చేస్తున్నాడు. ఒక పూట మీకోసం మానుకుంటే అరిగిపోడు."

ఇది కొంచెం ఎక్కువే అని అన్న తరవాత తెలిసింది ఆవిడకి. ఆ టేబుల్ దగ్గర ఆయన ఇరవై రెండేళ్ళు నిలబడ్డాడు. నాలుగు నెలల్లో మనిషి గేటు దగ్గర స్టూలుకి దిగాడు, ఆ మనిషి దగ్గర పని నేర్చుకున్నవాడు టేబుల్ ఎక్కాడు. ఎక్కినవాడు తన సొంత తమ్ముడు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆవిడ ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు. ఈ పూట నోరు జారింది.

తమ్ముడు వచ్చాడు. ముప్పై నిండని కుర్రమనిషి, చేతులనిండా సన్నటి గాజుగీతలు. అద్దాల పనిలో ఉన్నవాళ్ళందరికీ ఉండేవే. వస్తూనే చెప్పులు విప్పి, సందులోకి పక్కకి తిరిగి దూరాడు. మామూలుగా దూరితే భుజాలు పట్టవు.

"బావా, గుర్రం రెడీ. ఎక్కుతావా?"

"ఎక్కను. పో."

"అక్కా, బావ ఎక్కడట. నేను పోతున్నా."

"పోయి చూడు," అంది టైలరమ్మ.

తమ్ముడు నవ్వాడు గాని నవ్వు సగంలోనే ఆగింది. బావ కళ్ళలోకి ఒకసారి చూసి, చూపు తప్పించుకుని, అక్క వైపు తిరిగాడు. "నిజంగా అవసరమా అక్కా ఇదంతా? అంత పెద్ద ఆస్పత్రిలో అంత పెద్ద డాక్టరే చూశాడుగా. ఈవిడ కొత్తగా ఏం చెప్తుంది? ఆయన్ని అటూ ఇటూ తిప్పడం తప్ప."

"నువ్వు కూడానా?"

"అది కాదక్కా..."

"ఏది కాదు? ఇద్దరూ కూడబలుక్కున్నారా? ఆయన రానంటాడు, నువ్వు వద్దంటావు. నొప్పి ఆయనది, భయం మీ ఇద్దరిదీనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అప్పుడు అద్దాలాయనే అన్నాడు, "లేపరా. ఈవిడ పోరు కన్నా నడుం నొప్పే నయం."

తమ్ముడు వెనక కూర్చుని, బావ చంకల కింద రెండు చేతులూ దూర్చాడు. మూడు అంకెలు లెక్కపెట్టారు. లేచేటప్పుడు అద్దాలాయన నోటినుంచి వచ్చిన చప్పుడు విని ముసలావిడ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంది.

*

ఆస్పత్రి వరండాలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా అద్దాలాయన గోడకి వాలి నిలబడ్డాడు. కూర్చుంటే లేవాలి. లేవడం తప్పించుకోవాలంటే అసలు కూర్చోకూడదు. నాలుగు నెలల్లో అతను నేర్చుకున్న లెక్క అది.

నర్సు ఒక కాగితం ఇచ్చి నింపమంది. టైలరమ్మ ఫైలుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచింది. పేరు, వయసు, పని చకచకా రాసేసింది. తరవాతి గడి దగ్గర ఆగింది.

"దెబ్బ ఎలా తగిలింది, వివరంగా రాయాలట. చెప్పండి."

"ఫైల్లో ఉందిగా. చూసి రాయి," అన్నాడు అద్దాలాయన.

"ఫైల్లో ఒక్క ముక్కే ఉంది. 'బరువు ఎత్తుతుండగా.' వివరంగా అని ఉంది ఇక్కడ. ఏం బరువు?"

"అద్దాలు బిగించే లప్పం డబ్బా."

"ఎన్ని కిలోలు?"

"నలభై," అన్నాడు అద్దాలాయన.

"ఇరవై అయిదు," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. టైలరమ్మ పెన్ను ఆపి తలెత్తింది.

"ఏదో ఒకటి చెప్పండి."

"ఇరవై అయిదే," అన్నాడు తమ్ముడు. "నలభై డబ్బాలు రావడం మానేశాయి కదా బావా. మర్చిపోయావు."

"అవును. ఇరవై అయిదు."

మర్చిపోయాడట. ఆ సరుకు దించుకుని లెక్క చూసుకునేవాడు అతనే. టైలరమ్మ కాగితం మీద ఏమీ రాయలేదు. ఒక మనిషి అద్దం ముందు నిలబడి నడుం ముప్పై నాలుగు అంటే, టేపు పెట్టకుండానే అబద్ధమని పట్టేస్తుంది ఆవిడ. రోజూ చేసే పని. తన ఇంట్లో మనిషి దగ్గర ఆ కన్ను ఎప్పుడూ తెరవలేదు, అంతే.

"నేలమీంచి ఎత్తారా, బల్లమీంచా?"

"నేలమీంచి," అన్నాడు భర్త.

తమ్ముడు చేతుల మీది గాజుగీతల్ని గీరుకున్నాడు.

"నువ్వెక్కడున్నావురా అప్పుడు?"

"నేనా? నేను... అవతల ఉన్నాను."

"అవతలంటే?"

"అబ్బ, అవతలే అక్కా. పోలీసులా ఏంటి ప్రశ్నలు!"

"టీ తీసుకురా," అంది టైలరమ్మ. "మూడు."

"బావ తాగడుగా."

"తాగుతాడు. వెళ్ళు."

తమ్ముడు వెళ్ళాడు. వరండా మలుపు తిరిగేదాకా ఆవిడ అతని వీపు చూసింది. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకుని మోసింది ఆవిడే. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, తనకి పద్నాలుగు. తన పెళ్ళయ్యాక వాణ్ణి కూడా వెంటబెట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. వాడికి చదువు అబ్బకపోతే, మీ అద్దాల దగ్గర పెట్టుకోండని ఈయన కాళ్ళావేళ్ళా పడింది తనే.

"ఇప్పుడు చెప్పండి."

"ఏం చెప్పను?"

"డబ్బా లేదు. నేలా లేదు. ఏముందో చెప్పండి."

ఎదురుగా గోడమీద వెన్నెముక బొమ్మ ఒకటి తగిలించి ఉంది. అద్దాలాయన దాన్ని కింది నుంచి పైకి చూశాడు, పై నుంచి కిందికి చూశాడు. తప్పించుకుని నడిచిపోవడానికి అతనికి కాళ్ళు కూడా సాయం రావు.

"ఎనిమిదడుగుల అద్దం," అన్నాడు చివరికి. "నేను వెనక, వాడు ముందు. వాడి చేతులకి గ్లవ్స్ లేవు. ఉక్కపోస్తోందని తీసేశాడు. నేను చూశాను. చూసి కూడా ఎత్తమన్నాను."

"తరవాత?"

"జారింది. నేను 'వదులు' అని అరిచాను. వదులు అంటే ఇద్దరూ ఒకేసారి వదిలేసి చెరో పక్కకీ దూకాలి. జారే అద్దాన్ని పట్టుకోకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే. పనిలోకి వచ్చిన మొదటిరోజే నేర్పుతాం. వాడికి నేర్పింది నేనే."

"మరి?"

"వాడు వదల్లేదు. బిగుసుకుపోయాడు. నేనొక్కణ్ణే వదిలితే అది పోయి వాడి కాళ్ళ మీద పడుతుంది. మోకాళ్ళ కింద ఇంకేం మిగలదు." ఊపిరి తీసుకున్నాడు. "పట్టుకున్నాను. పట్టుకునే వెనక్కి పడ్డాను. వెనక ఇనప స్టాండు ఉంది. దాని అంచు తగిలింది."

"ఎక్కడ?"

అతను చెయ్యి వెనక్కి తిప్పబోయాడు. అందలేదు. "బెల్టు కట్టేచోటు కాదు. ఇంకా పైన."

టైలరమ్మ ఒళ్ళోని కాగితం పక్కకి తోసింది.

"పైనా?"

"నాలుగువేళ్ళు పైన."

"నాలుగు నెలలుగా నేను కింద కాపడం పెడుతున్నాను. రోజుకి రెండుసార్లు. వేడి సరిపోయిందా అని అడుగుతున్నాను. సరిపోయిందంటున్నారు!"

"పైకి పెట్టమంటే ఎందుకని అడుగుతావు."

"నేను పిసికింది తప్పుడుచోట. వాళ్ళు ఇంజక్షన్ పొడిచింది తప్పుడుచోట. ఇప్పుడు కొయ్యబోయేది కూడా తప్పుడుచోటేనా?"

"గట్టిగా మాట్లాడకు."

"ఆ అద్దం ఏమైంది?"

అద్దాలాయన పెదవుల మీదికి నవ్వు లాంటిది వచ్చింది. "పగల్లేదు. గీత కూడా పడలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. పగిలుంటే ఎవరు, ఎలా అని మర్నాడే రాసుకునేవాళ్ళు. ఏమీ పగల్లేదు కాబట్టి ఏమీ జరగలేదు. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి ఎవరి షాపుకో బిగించేశారు. నేను రెండుగంటల తరవాత లేవలేకపోతే, డబ్బా ఎత్తానని చెప్పాను."

"ఎందుకు?"

"గ్లవ్స్ లేకుండా దొరకడం వాడికి అప్పటికే రెండుసార్లయింది. మూడోసారికి గేటు బయటికే. ఇంకెక్కడా అద్దాలపని ఇవ్వరు. వాడి పెళ్ళానికి ఏడో నెల."

"అప్పుడు మూడో నెల," అంది ఆవిడ. ఎందుకు అందో ఆవిడకే తెలియదు.

"నయమైపోతుందనుకున్నాను. వారం, పది రోజులు అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? మొగుడా, తమ్ముడా అని తూచుకుంటూ కూర్చునేదానివి. ఆ తూకం నీకెందుకని."

ఆవిడకి కోపం వచ్చింది. ప్రేమగా అన్నాడని తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది. తనని కాపాడటానికి ఇద్దరు మగాళ్ళూ కలిసి తనని ఒక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. ఇప్పుడు గొళ్ళెం తీశారు, బయటికి వస్తే ఎటు అడుగేసినా ఒకడి మీద పడుతుంది.

"లోపల ఆవిడ అడిగితే డబ్బా అనే చెప్తాను," అన్నాడు అద్దాలాయన. "నువ్వు మాట్లాడకు. నాకు మాటియ్యి."

ఆవిడ ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. నర్సు తలుపు తీసి లోపలికి రమ్మంది.

*

డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా ఉంది. పాత స్కాన్ ఫోటోలన్నీ వెలుగుపెట్టె మీద వరసగా తగిలించి, వాటికి వీపు పెట్టి, ముందు మనిషిని చూసింది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. కింది నుంచి ఒక్కొక్క ఎముకా వేలితో నొక్కుతూ వచ్చింది.

"ఇక్కడ?"

"ఉంది."

"ఇక్కడ?"

"ఉంది కొంచెం."

వేలు ఇంకో నాలుగువేళ్ళు పైకి జరిగింది. ఆవిడ అడగలేదు. అడగక్కర్లేకపోయింది. అద్దాలాయన వేళ్ళు బల్ల అంచుని ఉడుంపట్టు పట్టాయి.

"ఇక్కడ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? ఎక్కడైనా పడ్డారా?"

"లేదండీ. డబ్బా ఎత్తాను."

"డబ్బా ఎత్తితే ఇక్కడ ఇంత నొప్పి రాదు." డాక్టరమ్మ టైలరమ్మ వైపు తిరిగింది. "ఇంట్లో పడ్డారా అమ్మా?"

"లేదండీ."

"పనిలో?"

భర్త మొహం అవతలి గోడ వైపు ఉంది. ఆవిడకి కనిపించేది అతని మెడ ఒక్కటే. ఆ మెడ మీద నరం కొట్టుకుంటోంది.

"నాకు తెలీదండీ," అంది టైలరమ్మ.

పావుగంట క్రితం దాకా నిజం కోసం మొగుణ్ణి నిలదీసిన మనిషి. ఆ మాట అంత సులువుగా నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే అర్థం కాలేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "చూడండి. ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి వైద్యం పనిచేయకపోతే దారులు లేవని కాదు, ఉన్నాయి. వ్యాయామం వేరే రకంగా మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇంకో ఇంజక్షన్ చేయొచ్చు. నొప్పితో బతకడం నేర్పే డాక్టర్లు వేరే ఉన్నారు. ఆపరేషన్ చిట్టచివరిది. కానీ ఏ దారి పట్టాలన్నా ముందు జబ్బు ఎక్కడుందో తెలియాలి. ఈ ఫోటోల్లో కింది వెన్నుపూసల మధ్య కొంచెం ఉబ్బింది. ఈ వయసులో నొప్పి లేనివాళ్ళకి కూడా ఉంటుంది అది. దాన్ని కొయ్యమంటే నేను ఒప్పుకోను. అసలు నొప్పి ఉన్నచోట మాత్రం ఇంతవరకూ ఒక్క ఫోటో కూడా తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదండీ?" అంది టైలరమ్మ.

"అక్కడ తగిలిందని ఎవరూ చెప్పలేదు కాబట్టి." పెన్ను తీసింది డాక్టరమ్మ. "ఇప్పుడు తీయిస్తాను. నా అనుమానం ఎముక చిట్లి, సరిగ్గా అతుక్కోలేదని. అదే నిజమైతే దానికి వేరే బెల్టు, వేరే వైద్యం. కత్తి అవసరం లేకుండానే బాగుపడొచ్చు. కానీ ఒక మాట. ఎముక చిట్లిందని తేలాక కంపెనీ అడుగుతుంది, డబ్బా ఎత్తితే ఎలా చిట్లింది అని. ఇంట్లో పడి మా మీద రుద్దుతున్నాడంటుంది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను."

"ఫోటో వద్దండీ," అన్నాడు అద్దాలాయన.

"ఏమిటీ?"

"వద్దు. కంపెనీ ఆస్పత్రిలో ఆపరేషనే చేయించుకుంటాను. రాసెయ్యండి."

"అసలు జబ్బు లేనిచోట కోయించుకుంటారా?"

"వాళ్ళు పెద్ద డాక్టర్లు. తెలిసే చేస్తారు."

డాక్టరమ్మ కోప్పడలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసింది. "వద్దనే హక్కు మీకుంది. నేను చెప్పాను, మీరు వద్దన్నారు అని ఇందులో ఉంటుంది. ఇక్కడ మీ సంతకం. దాని కింద ఇంటివాళ్ళ సంతకం."

అద్దాలాయన బల్ల మీదే పక్కకి ఒరిగి, ఒక మోచేతి మీద లేచి, సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. పెట్టి, పెన్ను భార్య చేతికిచ్చాడు. ఇస్తూ ఆవిడ వేళ్ళని ఒక్కసారి నొక్కాడు.

"పెట్టెయ్యవే. ఇంటికి పోదాం."

ఇంటికి. మంచానికీ బీరువాకీ మధ్యకి. టైలరమ్మ కాగితం మీదికి వంగింది. పెన్ను మొన గీత మీద ఆనింది. చిన్న చుక్క పడింది. తమ్ముడి పెళ్ళాం నిన్నగాక మొన్న వచ్చి, వదినా, ఈ పాత చీరలు మెత్తగా ఉన్నాయి, బిడ్డకి పనికొస్తాయి అని నాలుగు అడిగి పట్టుకెళ్ళింది. ఆ పిల్ల మొహం కళ్ళముందు కదిలింది. పక్కన ఈయన ఒక మోచేతి మీద ఒరిగి, పళ్ళు బిగబట్టి, తన సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. ఒళ్ళు కోసుకోమని ఇవ్వడానికి తన అనుమతి కోసం.

"నావల్ల కాదు," అంది.

"ఏమే..."

"మీరు ఊరుకోండి."

పెన్ను కాగితం మీద పెట్టి లేచింది. టైలరమ్మ నాలుగడుగులు వేసి తలుపు తీసింది. వరండాలో తమ్ముడు మూడు టీ కప్పులూ రెండు చేతుల్లో ఇరికించుకుని, వేళ్ళు కాలుతుంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. అక్కని చూసి నవ్వాడు.

"అయిపోయిందా? ఏమంది?"

"అవి కుర్చీలో పెట్టి లోపలికి రా."

"నేనా? నేనెందుకక్కా?"

"మీ బావ ఎలా పడ్డాడో డాక్టరుగారికి చెప్పాలి. నేను చూడలేదు. చూసినవాడివి నువ్వే."

తమ్ముడి మొహంలో నవ్వు ఉన్నపళాన పోయింది. టీ వేళ్ళ మీద ఒలికింది. అతను చెయ్యి కూడా విదిలించుకోలేదు.

"ఒరేయ్, లోపలికి రాకు!" గదిలోంచి అద్దాలాయన అరిచాడు. నాలుగు నెలల్లో అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. దాని వెనకే బల్ల కిర్రుమన్న చప్పుడు, డాక్టరమ్మ "కదలకండి" అనడం వినిపించాయి.

తమ్ముడు అక్క భుజం మీదుగా గదిలోకి చూశాడు. మళ్ళీ అక్కని చూశాడు. అమ్మ పోయిన రోజు కూడా ఇలాగే చూశాడు, నాలుగేళ్ళవాడు, ఏం చెయ్యాలో నువ్వే చెప్పమన్నట్టు.

"అక్కా, నా ఉద్యోగం పోతుంది."

"తెలుసు," అంది టైలరమ్మ.

తలుపు అలాగే తెరిచి పట్టుకుంది.